చిన్న కార్యాలయములందు నిస్తంత్రీ జాలము: స్థాపనము, రక్షణము

పదిమందికి మించని సిబ్బందితో నడచు ఆడిటరు కార్యాలయమునందును, న్యాయవాది గదియందును, మీసేవా కేంద్రమునందును, పట్టణములలోని రక్తపరీక్షల ల్యాబునందును కంప్యూటర్లను, ప్రింటర్లను, సెల్‌ఫోనులను తీగలతో ముడివేయక, గాలిలో ప్రసరించు రేడియో తరంగముల మూలమున ఒండొంటితో కలిపి, వాటినన్నిటిని ఇంటర్నెట్టునకు చేర్చు ఏర్పాటునకు హ్రస్వదూర నిస్తంత్రీ జాలమని పేరు. జనవ్యవహారమున దీనిని వైఫై అందురు. కట్టడము లోపల దీని వ్యాప్తి సామాన్యముగా ముప్పది నలువది మీటర్లకు లోబడి యుండును. ఇదే కుటుంబమునకు చెందిన బ్లూటూత్ మౌసులను, కీబోర్డులను, ఇయర్‌ఫోనులను కలుపుటకే ప్రధానముగా ఉపకరించుచున్నందున దానిని గూర్చి ఇచ్చట విస్తరింప నవసరము లేదు.

తీగల జాలమునకును నిస్తంత్రీ జాలమునకును గల ప్రధానభేదము వేగమునందు కాదు, ఎల్లలయందు. తీగ గోడలోపల నున్నంతవరకు దానిని తాకదలచిన పరాయివాడు తలుపు దాటి లోనికి రావలసియుండును. కావున తాళపుచెవియు, కాపలాదారును, ఇనుపతలుపును ఎవరును కోరకయే జాలమునకు కూడ రక్షకములగుచుండెను. తరంగమునకు అట్టి కట్టడి లేదు. మేడగదిలో బిగ్గరగా పలికిన మాట వీధిలో పోవువాని చెవినిబడినట్లు, రౌటరు వెలువరించు ప్రతి అక్షరమును పక్కవాటావారికిని, క్రింద టీకొట్టునొద్ద కూర్చున్నవారికిని, వీధిలో నిలిపిన కారులోనివారికిని సమముగా చేరుచుండును. గోడ చేయజాలని పనిని ఇచ్చట గూఢలిపి చేయవలెను. నేటి గూఢలిపిని సూటిగా ఛేదించుట గణితవేత్తలకే దుస్సాధ్యము. అయినను చిన్న కార్యాలయముల జాలములు పరులపాలగుచునే యున్నవన్నచో, దానికి కారణము గణితమునందు లేదు. పెట్టెతోపాటు వచ్చిన పాస్‌వర్డును మార్చకుండుటయందును, మానిపోయిన ఉద్యోగి యెఱిగిన రహస్యపదమును సంవత్సరములతరబడి అట్లే యుంచుటయందును, ఈ పోషణ యెవరి పనియో నిర్ణయింపకుండుటయందును ఉన్నది.

విద్యుదయస్కాంత తరంగములు గోడలగుండ పోవునను సంగతి మనదేశమున ప్రత్యక్షముగా చూపబడి శతాబ్దము దాటినది. 1895లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశచంద్ర బోసు అతిస్వల్ప దైర్ఘ్యముగల తరంగములను గోడల నడుమగా పంపి, దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చి చూపెను. కంప్యూటర్లను తరంగములతో కలుపు యత్నము 1971లో హవాయి విశ్వవిద్యాలయమున ఫలించినది. నార్మన్ అబ్రామ్సన్ నాయకత్వమున ఏర్పడిన అలోహా జాలము దీవుల నడుమ సముద్రముమీదుగా సమాచారమును ముక్కలు ముక్కలుగా పంపినది. ఒకే తరంగమార్గమును పలువురు పంచుకొనునపుడు ఇరువురి సందేశములు ఢీకొన్నచో కొంత తడవాగి మరల పంపుకొను పద్ధతి అచ్చట రూపొందినదే. 1985లో అమెరికా ప్రభుత్వపు సమాచారప్రసార సంఘము, పరిశ్రమలకును శాస్త్రప్రయోగములకును వైద్యమునకును విడిచిన తరంగశ్రేణులను లైసెన్సు లేకయే వార్తాప్రసారమునకు వాడుకొన ననుమతించుటతో మార్గము సుగమమైనది. నెదర్లాండ్సులోని ఎన్‌సీఆర్ సంస్థ యింజనీర్లు దుకాణములలోని నగదుయంత్రములను తీగలు లేక కలుపదలచి పరికరములు నిర్మించిరి. ఆ సంస్థకు చెందిన విక్ హేస్ అధ్యక్షతన పనిచేసిన సంఘము కృషివలన ఐ ట్రిపుల్ ఈ అను సాంకేతికసంస్థవారు 1997లో 802.11 అను ప్రమాణమును వెలువరించిరి. దాని వేగము సెకనుకు 2 మెగాబిట్లు మాత్రమే. 1999లో 11 మెగాబిట్ల ప్రమాణమును, 2009లో 600 మెగాబిట్ల వరకు పోగల ప్రమాణమును రాగా, 2021లో ఆమోదము పొందిన, వైఫై 6 అని పిలువబడు ప్రమాణపు సైద్ధాంతిక పరిమితి 9.6 గిగాబిట్లు. పదిమంది పనిచేయు కార్యాలయమునకు ఈ చివరి అంకెతో ఆవశ్యకత లేదు; క్రొత్త ప్రమాణము గల పరికరమును కొనదగుట దాని వేగము కొఱకు కాక, దానియందు క్రొత్త గూఢలిపి యుండుట కొఱకు.

భారతదేశమున 1933 నాటి నిస్తంత్రీ చట్టము ప్రకారము లైసెన్సు లేక రేడియో పరికరమును కలిగియుండుట నేరముగా నుండెను. కేంద్రప్రభుత్వము 2005లో 2.4 నుండి 2.4835 గిగాహెర్ట్జుల వరకు గల శ్రేణిని, 2018లో 5 గిగాహెర్ట్జుల పరిసరమునగల విశాలశ్రేణులను లైసెన్సు నిబంధననుండి విడుదల చేయుటచేతనే నేడు ఎవరైనను రౌటరును కొని తెచ్చి నిరభ్యంతరముగా నడుపుకొనగలుగుచున్నారు. అయినను పరికరము టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగపు అనుమతి పొందినదై యుండవలెను. అమెరికానుండి బంధువులు తెచ్చియిచ్చిన రౌటరు ఆ దేశపు చానళ్లకును, ఆ దేశపు శక్తిపరిమితులకును అమర్పబడి యుండుట కలదు. ఇంటి ముచ్చటకు అది ఎట్లున్నను, కార్యాలయమునకు ఇచ్చటి అనుమతి గలదానినే కొనుట మేలు.

స్థాపనమున మొదటి పని చోటు నిర్ణయించుట. 2.4 గిగాహెర్ట్జుల తరంగదైర్ఘ్యము సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జులది దానిలో సగమునకు కొంచెము తక్కువ. దైర్ఘ్యము తగ్గినకొలది తరంగము గోడలలో ఎక్కువగా క్షీణించును. కాని 5 గిగాహెర్ట్జుల శ్రేణియందు రద్దీ తక్కువ, వేగ మెక్కువ. తెలుగు పట్టణములలోని కట్టడములు ఈ తరంగములకు అంత అనుకూలములు కావు. తొమ్మిదంగుళముల ఇటుకగోడ తరంగమును గణనీయముగా బలహీనపఱచును, ఇనుపకడ్డీల అల్లికగల కాంక్రీటు స్లాబు దానిని ఒక అంతస్తునుండి మఱియొక అంతస్తునకు కష్టముగా పోనిచ్చును, ఇనుప బీరువాలును నిలువుటద్దములును త్రిప్పికొట్టును, నీటితొట్టి పీల్చివేయును. ఇంటర్నెట్టు తీగ వీధివైపు కిటికీలోనుండి వచ్చినదన్న కారణముచేత రౌటరును కూడ ఆ కిటికీలోనే నిలుపుట సర్వత్ర కానవచ్చు అలవాటు. దానివలన సగము బలము వీధిపాలై, లోపలి గదులకు శేషము మాత్రమే దక్కును. అట్లు గాక, తీగను మఱికొంత పొడిగించి, నడిమిగదిలో తలయెత్తునకు మించిన చోట, బీరువాలకు ఎడముగా దానిని అమర్చవలెను. అంతస్తులు రెండైనచో బలమైన రౌటరు నొక్కదానిని కొనుటకంటె, అంతస్తునకొక యాక్సెస్ పాయింటును నిలిపి, వాటిని కేబులుతో కలుపుట శ్రేయస్కరము. కేబులు మూలముననే విద్యుత్తును కూడ పంపు పద్ధతి 2003లో ప్రమాణీకరింపబడినది గనుక, పైకప్పునకు ప్రత్యేకముగా ప్లగ్గు పెట్టనక్కరలేదు. రౌటరును, ఇంటర్నెట్టు సంస్థవారు బిగించిన ఫైబరు పెట్టెను, స్విచ్చిని మూడింటిని ఇన్వర్టరు లైనుమీద నుంచకున్నచో, వేసవి కోతలలో కంప్యూటర్లు వెలుగుచున్నను జాలము మూగవోవును.

2.4 గిగాహెర్ట్జుల శ్రేణిలో మనకు 13 చానళ్లు కలవు గాని, అవి 5 మెగాహెర్ట్జుల ఎడముతో నుండగా ఒక్కొక్క ప్రసారము 20 మెగాహెర్ట్జుల వెడల్పును ఆక్రమించుటచేత, ఒండొంటితో కలియబడనివిగా సామాన్యముగా వాడబడునవి 1, 6, 11 అను మూడు మాత్రమే. వాణిజ్యసముదాయమునందు ఇరుగుపొరుగు జాలములు ఏ చానలుపై నున్నవో ఫోనులోని యాప్‌తో చూచుకొని, ఈ మూటిలో తేలికైనదానిని ఎన్నుకొనవలెను. ప్రసారశక్తిని కొంత తగ్గించుటయు మంచిదే; దానివలన పొరుగువారితో ఘర్షణ తగ్గును. అది రక్షణమని మాత్రము భ్రమింపరాదు, ఏలయన పెద్ద ఆంటెన్నా గలవాడు దూరమునుండియే బలహీనతరంగమును గ్రహింపగలడు. స్థిరముగా నొకచోట నుండు యంత్రములను, ముఖ్యముగా లెక్కల కంప్యూటరును, ఫైళ్లు దాచు సర్వరును, నిస్తంత్రీ జాలమునకు ఎక్కింపక కేబులుతోనే కలుపుట ఉత్తమమని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయము.

గూఢలిపి చరిత్ర ఈ విషయమున కెల్ల మర్మస్థానము. 1997 ప్రమాణముతోపాటు వచ్చిన వెప్ అను పద్ధతి, పేరునకు తీగలతో సమానమైన గోప్యత నిచ్చునదియే. దానియందు ప్రతి సందేశమునకును రహస్యపు తాళమునకు 24 బిట్ల సంఖ్య నొకదానిని చేర్చి, ఆర్‌సీ4 అను విధానముచే గుప్తపఱచుచుండిరి. 24 బిట్లతో ఏర్పడు సంఖ్యలు 1,67,77,216 మాత్రమే. రద్దీగల జాలమున కొన్నిగంటలలోనే అవి తీరిపోయి, అదే సంఖ్య మరల రాక తప్పదు, అట్లు వచ్చినపుడు రెండు సందేశములను పోల్చి లోగుట్టు లాగుట సులభము. అంతకంటె లోతైన లోపమును 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు బయటపెట్టిరి: కొన్ని సంఖ్యలు తాళములోని అక్షరములనే సూచించుచు బయటికి పొక్కుచున్నవి. 2007 నాటికి జర్మనీ పరిశోధకులు ఒక నిమిషములోపల తాళమును రాబట్టగలిగిరి. ఈ లోపము పుస్తకములకు పరిమితము కాలేదు. అమెరికాలో టీజేఎక్స్ అను దుకాణసంస్థ వెప్ పద్ధతినే నమ్ముకొనియుండగా, దొంగలు దుకాణముల బయటనుండి జాలములోనికి చొచ్చి, నాలుగున్నర కోట్లకు మించిన బ్యాంకు కార్డుల వివరములను హరించిన సంగతి 2007లో లోకమునకు వెల్లడియైనది.

వెప్ స్థానమున 2003లో తాత్కాలికముగా డబ్ల్యూపీఏ అను పద్ధతియు, 2004లో ఏఈఎస్ గూఢలిపిపై నాధారపడిన డబ్ల్యూపీఏ2 పద్ధతియు వచ్చినవి. ఈ రెండవది దీర్ఘకాలము లోకమును కాపాడినది. నేటికిని అధికసంఖ్యాక కార్యాలయములకు అదియే శరణ్యము. 2017లో బెల్జియములోని ల్యూవెన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు మేథీ వాన్‌హూఫ్, ఫ్రాంక్ పీసెన్స్ అనువారు, ఫోనును రౌటరును పరస్పరము పరిచయము చేసికొను ఘట్టమున ఒక సందేశమును మరల మరల పంపి, వాడిన తాళమునే తిరిగి వాడునట్లు చేయవచ్చునని నిరూపించిరి. ఈ లోపము సాఫ్ట్‌వేర్ సవరణతో తీరునదే. సవరణలు అందుకొన్న పరికరములు సురక్షితములైనవి, కొన్న నాటినుండి ఎవరును పట్టించుకొనని పెట్టెలు మాత్రము అట్లే మిగిలినవి. 2018లో ప్రకటితమైన డబ్ల్యూపీఏ3 యందు పరిచయవిధానమే మార్చబడినది. ఇందు పాస్‌వర్డును ఊహించదలచినవాడు ప్రతి ఊహకును జాలముతో ప్రత్యక్షముగా తలపడవలసినదే గాని, సంభాషణను గ్రహించుకొనిపోయి ఇంటియొద్ద తీరికగా విప్పుకొను వీలు లేదు. పాస్‌వర్డు ఒకవేళ తరువాత తెలిసినను, పూర్వము గ్రహించి దాచుకొన్న సందేశములు విప్పబడవు. పరికరములన్నియు దీనిని గ్రహింపగలిగినచో దీనినే ఎన్నుకొనవలెను. పాత ప్రింటరు ఒకటి మొరాయించినచో, రెండింటిని అనుమతించు మిశ్రపద్ధతిని జాలమంతటికి పెట్టుటకంటె ఆ ప్రింటరునకు కేబులు వేయుట మేలు.

డబ్ల్యూపీఏ2 వాడుచున్నంతకాలము భారమంతయు పాస్‌వర్డుమీదనే యున్నది. బయటనున్నవాడు ఒక్క ఫోను జాలమున చేరు సమయమున జరుగు నాలుగు మాటల సంభాషణను గ్రహించినచో, అటుపైన కార్యాలయముతో పనిలేక, తన కంప్యూటరుమీద ఊహలను ఒకదాని వెనుక నొకటి పరీక్షించుకొనవచ్చును. ఈ పరీక్ష మందగించుటకై ప్రతి ఊహకును ఒక లెక్కను 4,096 మారులు చేయవలసినట్లు ప్రమాణమున నియమించిరి. అయినను నేటి గ్రాఫిక్సు కార్డు నొకదానిని వాడి సెకనుకు పదిలక్షల ఊహలను పరీక్షించుట కష్టము కాదు. ఈ వేగమున మన అలవాటులను తూచి చూడుడు. కార్యాలయపు బోర్డుమీదనున్న సెల్‌ఫోను నంబరునే పాస్‌వర్డుగా పెట్టుట మనయందు మిక్కిలి వ్యాప్తి; ఆ నంబరు బోర్డుమీద లేకున్నను, ఆరు మొదలు తొమ్మిది వరకుగల అంకెలతో ఆరంభమగు పదంకెల నంబర్లు నాలుగువందల కోట్లే గనుక గంటకు కొంచెము మించిన కాలమున అన్నియు తీరిపోవును. ఎనిమిది అంకెల పుట్టినతేదీ, నూఱేండ్ల తేదీలన్నియు కలిపినను నలువదివేలకు లోపే యగుటచేత, ఒక్క సెకనైనను నిలువదు. చిన్నయక్షరములు ఎనిమిదింటిని యాదృచ్ఛికముగా కూర్చినను రెండున్నర దినములలోపల దొరకిపోవును. అదే, ఐదువేల తెలుగు మాటలను రోమను లిపిలో వ్రాసిన పట్టికనుండి, మనసునకు తోచినట్లు గాక చీట్లు వేసి ఐదు మాటలను తీసి వరుసగా కూర్చినచో, ఆ వేగమున అన్నింటిని పరీక్షించుటకు సుమారు 99,000 సంవత్సరములు పట్టును; కార్డులు వేయి చేర్చినను తొంబదితొమ్మిదేండ్లు. ప్రమాణమున 63 అక్షరముల వరకు చోటు కలదు. వంకర గుర్తులతో కూడిన పొట్టి పాస్‌వర్డుకంటె ఇట్టి పొడుగాటి మాటల వరుసయే జ్ఞాపకమునకు తేలిక, రక్షణకు ఘనము. జాలమునకు పెట్టు పేరు కూడ ఈ లెక్కలో కలియును గావున, పెట్టెతో వచ్చిన పేరును మార్చి ఇతరులు పెట్టనిదానిని పెట్టవలెను; అది కార్యాలయపు పేరును, అంతస్తును చాటునదై యుండరాదు.

ఇట్టి పాస్‌వర్డు పెట్టియు, రౌటరు వెనుకనున్న డబ్ల్యూపీఎస్ అను సౌకర్యమును విడిచిపెట్టినచో శ్రమ వ్యర్థము. ఎనిమిదంకెల పిన్నుతో చేరుటకు వీలిచ్చు ఈ సౌకర్యమున, రౌటరు మొదటి నాలుగంకెలు సరియో కాదో వేరుగా చెప్పివేయుచున్నదనియు, చివరి అంకె తక్కిన అంకెలనుండి లెక్కకట్టబడునదే యగుటచేత మొత్తము 11,000 ప్రయత్నములు చాలుననియు 2011లో స్టెఫాన్ ఫీబెక్ చూపెను. దానిని ఆర్పివేయవలెను. జాలపు పేరును దాచిపెట్టుట, పరికరముల గుర్తింపుసంఖ్యలను నమోదుచేసి తక్కినవానిని త్రోసిపుచ్చుట అను రెండును రక్షణోపాయములుగా చెప్పబడుచున్నవి గాని, ఆ పేరును ఆ సంఖ్యలును గూఢలిపి లేకయే గాలిలో తిరుగుచుండుటచేత, వానిని గ్రహించి అనుకరించుట స్వల్పసాధ్యము. వానిపై వెచ్చించు కాలమును రౌటరు నిర్వాహక పాస్‌వర్డును మార్చుటకును, బయటనుండి రౌటరును సరిచేయు వీలును మూసివేయుటకును, సాఫ్ట్‌వేర్ సవరణలను తెచ్చుకొనుటకును వెచ్చించుట యుక్తము. తయారీదారు సవరణలు మానివేసిన పరికరము ఎంత బాగుగా పనిచేయుచున్నను దాని కాలము తీరినట్లే.

జాలము ఒక్కటిగా నుండరాదు. సిబ్బంది జాలము ఒకటి కాగా, కక్షిదారులకును, సందర్శకులకును రెండవదిగా అతిథిజాలము వేరుగా నిచ్చి, అందలి పరికరములు ఒండొంటిని చూడకుండునట్లు చేయవలెను. మూడవదానియందు సీసీ కెమెరాలను, వ్రేలిముద్రల హాజరుయంత్రమును, టీవీని ఉంచవలెను. ఈ విభజనము కేవలము జాగ్రత్తపరుల చాదస్తము కాదు. 2016లో మిరాయ్ అను దుష్టప్రోగ్రాము అరువదికి పైబడిన తయారీ పాస్‌వర్డుల జంటలను వరుసగా ప్రయోగించి, లోకమందలి లక్షలాది కెమెరాలను, వీడియో రికార్డరులను లోబఱచుకొని, ఆ యేడు అక్టోబరులో అమెరికాయందలి ప్రసిద్ధ వెబ్‌సైట్లను గంటలకొలది స్తంభింపజేసినది. కెమెరా బిగించిన మనిషి పెట్టిపోయిన పాస్‌వర్డే నేటికిని నిలిచియున్న కార్యాలయములకు మనయూళ్లలో కొదవ లేదు. ఆ కెమెరాయు, పన్నులలెక్కల కంప్యూటరును ఒకే జాలమున నున్నచో, ఒకదాని గుండ రెండవదానిని చేరుట సుకరము.

అందరును ఒకే పాస్‌వర్డును పంచుకొను పద్ధతికి సహజమైన దోషము, ఒకరు వెడలిపోయినపుడు అది వారితో కూడ వెడలిపోవుట. దీనికి విరుగుడు 802.1ఎక్స్ అను ఏర్పాటు; అందు ప్రతి ఉద్యోగికిని ప్రత్యేకమైన ప్రవేశపత్రముండి, ఉద్యోగము మానిననాడు ఆ యొక్కటి రద్దగును. దీనికి రేడియస్ అను సర్వరు కావలెను. దాని సర్టిఫికేటును ప్రతి ఫోనును సరిచూచునట్లు అమర్పకున్నచో, అదే పేరుతో వీధిలో నొక దొంగ రౌటరును నిలిపినవాడు ప్రవేశపదములను గుంజుకొనవచ్చును. ఇరువదిమందికి మించిన చోట ఈ శ్రమ సార్థకము. ఐదారుగురున్న చోట, ఎవరు మానినను ఆ సాయంకాలమే పాస్‌వర్డు మార్చుట అను నియమము చాలును. యజమానులు దీనిని అవిశ్వాసముగా ఎంచి జంకుచుందురు గాని, మానిపోయినవారిపై రేపు అకారణమైన అనుమానము పడకుండుటకు కూడ ఇదియే రక్ష.

అనుమానమెట్లు పడునో 2008లో దేశమంతయు చూచినది. జులై 26న అహమ్మదాబాదులో జరిగిన బాంబు ప్రేలుళ్లకు కొలది నిమిషములముందు వచ్చిన ఉగ్రవాదుల ఈమెయిలు, తాళములేని వైఫైగల నవీ ముంబయిలోని ఒక నివాసపు చిరునామానుండి వెలువడినట్లు తేలగా, పోలీసులు మొదట ఆ యింటనున్న వ్యక్తినే ప్రశ్నించిరి. ఆ యేటి సెప్టెంబరులో ఢిల్లీ ప్రేలుళ్ల సందేశమునకు ముంబయిలోని ఒక వ్యాపారసంస్థ వైఫై వాడబడినది. మఱుసటి యేడు టెలికం శాఖ వైఫైలను సురక్షితము చేయవలసినదని ఇంటర్నెట్టు సంస్థలకు ఆదేశములిచ్చినది. 2022 ఏప్రిలులో సెర్ట్-ఇన్ అను కేంద్రసంస్థ జారీచేసిన ఉత్తరువుల ప్రకారము, సైబరు దాడి తెలిసిన ఆఱుగంటలలోపల దానికి తెలియజేయవలెను. యంత్రముల లాగులను, అనగా వాటి కార్యకలాపముల చిట్టాలను, 180 దినములు భద్రపఱచవలెను. చౌకరౌటర్లు తమ లాగులను ఆర్పి వెలిగించినంతనే పోగొట్టుకొనును గనుక, వానిని కార్యాలయపు కంప్యూటరునకు ఎప్పటికప్పుడు చేరునట్లు అమర్చవలెను.

అమరిక పూర్తియైన పిదప ఫోను చేతబట్టి మెట్లమీదను, వీధిలోను, పక్కవాటా గుమ్మమునొద్దను నడచి, తరంగము ఎంతదూరము పోవుచున్నదో చూడవలెను. అతిథిజాలమున చేరి, అందుండి ప్రింటరుగాని సర్వరుగాని కానవచ్చుచున్నదో పరీక్షింపవలెను. పాస్‌వర్డులను, మార్చిన తేదీలను, సవరణలు వేసిన తేదీలను ఒక పుస్తకమున వ్రాసి, ఆ పుస్తకమును దస్తావేజులతోపాటు బీరువాలో పెట్టి, దాని బాధ్యతను పేరు చెప్పి ఒకరికి అప్పగింపవలెను. మూడునెలలకొకసారి వారు జాలమున చేరియున్న పరికరముల పట్టికను తెఱచి, ఎఱుగని పేరొక్కటి కనబడినను దాని సంగతి తేల్చుకొనవలెను. పాతరౌటరును మార్చునపుడు దానియందు జాలపు పాస్‌వర్డును, ఇంటర్నెట్టు సంస్థవారి ప్రవేశపదమును నిలిచియుండునని మఱచి, పాతసామానులవానికి తూచి వేయుట జరుగుచున్నది. వెనుకనున్న చిన్నరంధ్రములోని మీటను సూదితో పదిసెకనులు నొక్కి పట్టి, దీపములు ఆరి మరల వెలుగువఱకు నిలిచి, లోపలి వివరములన్నియు తుడిచిపోయినవని నిర్వాహక పుటను తెఱచి చూచుకొన్న తరువాతనే దానిని బయటికి పంపవలెను.